తోడికోడలు కట్టిన పెట్టె

పెద్దకోడలిని ఆ వీధిలో అందరూ 'మిల్లీవోల్టు' అనేవారు. ఆ పేరు పెట్టినవాడు రికార్డింగు థియేటరులో పనిచేసే సౌండు ఇంజనీరు. సింథసైజరు అనే పాతకాలపు కరెంటు కీబోర్డు ఒకటి బాగుచేయించుకోవడానికి వచ్చి, పని అయిపోయిందనుకుని లేవబోతూ, "చాల్లెండి మేడమ్, ఆ కాస్త తేడా ఎవరికి వినపడుతుంది?" అన్నాడట. ఆవిడ మీటరు వైపు చూపించి, "నాకు కనపడుతోందిగా" అని అతన్ని ఇంకో గంట కూర్చోబెట్టింది. వోల్టులో వెయ్యోవంతుకు తగువు పడే మనిషని అతను తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆవిడకు కోపం రాలేదు సరికదా, లోలోపల మురిసిపోయింది.

ఆ విద్య ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. మామగారు రేడియోలు బాగుచేస్తూ బతుకు మొదలుపెట్టి, కరెంటు ఆర్గన్ల మీదుగా సింథసైజర్ల దాకా వచ్చిన మనిషి. కింద మరమ్మతు గది, పైన ఇల్లు. ఇద్దరు కొడుకుల్లో ఒక్కడికీ ఆ గది గుమ్మం తొక్కాలనిపించలేదు. పెద్దవాడు బస్సు డ్రైవరయ్యాడు, చిన్నవాడు మందుల షాపులో చేరాడు. పెద్దకోడలు కాపురానికొచ్చిన రెండో నెలలో టీ ఇవ్వడానికి కిందికి దిగింది. మామగారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఒక చిన్న భాగాన్ని వెలుగుకు పెట్టి చూస్తున్నారు.

"దీని మీద రంగులేంటో చెప్పమ్మా. నాకు అలికినట్టుంది."

"ఎరుపు, ఎరుపు, నారింజ."

"కూర్చో" అన్నారాయన.

ఆ కూర్చోవడం పంతొమ్మిదేళ్లు కూర్చుంది. ఆయన చూపు తగ్గేకొద్దీ ఆవిడ చెయ్యి కుదిరింది. చివరికి ఆయన కిటికీ పక్క పడక్కుర్చీలో కూర్చుని వినడం, ఆవిడ బల్ల దగ్గర చెయ్యడం. పని పూర్తయ్యాక ఆయన ఒకే మాట అనేవారు, "చెయ్యి అంటే ఇదమ్మా" అని. ఆ మాట కోసం ఆవిడ తిండి మానేసి కూర్చున్న రోజులున్నాయి.

ఆ పాత యంత్రాల సంగతి కాస్త చెప్పాలి. వాటి కీబోర్డు మీద మెట్టు నొక్కితే నేరుగా శబ్దం రాదు. మెట్ల పలక నుంచి ఒక వోల్టేజీ బయలుదేరుతుంది, లోపలున్న స్వరం పుట్టించే భాగం ఆ వోల్టేజీని బట్టి పలుకుతుంది. ఎంత వోల్టేజీకి ఎంత స్వరం అన్నదాని మీద కంపెనీలు రెండు పక్షాలయ్యాయి. ఒక పక్షంవాళ్లది స్థాయికో వోల్టు. షడ్జం నుంచి పై షడ్జానికి వెళ్లాలంటే ఒక వోల్టు కలపాలి. ఆ పైదానికి ఇంకొకటి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మెట్లెక్కినట్టు. రెండో పక్షంవాళ్లకు కలపడం లేదు, రెట్టించడమే. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. ఈ పక్షపు మెట్ల పలక తెచ్చి ఆ పక్షపు యంత్రానికి తగిలిస్తే మొదటి స్థాయి చివర సరిగ్గా కలిసినట్టే ఉంటుంది, తరవాతిది పంచమం దగ్గరే చతికిలపడుతుంది. విన్నవాళ్లు చెవులు మూసుకోవాలి.

మామగారిది స్థాయికో వోల్టు పక్షం. "రెట్టింపు బాపతువి మన గుమ్మంలోకి రానివ్వకు. వాటి దారి వాటిది" అనేవారు. ఆవిడా అదే వేదమనుకుంది. ఎవరో వదిలేసి పోయిన రెట్టింపు బాపతు యంత్రం ఒకటి పదకొండేళ్లుగా అటక మీద గుడ్డ కప్పుకుని పడుంది. ఆవిడ దాని మూత కూడా తియ్యలేదు.

అప్పుడొచ్చింది చిన్నకోడలు.

పెళ్లికి ముందు ఆ పిల్ల తూకం యంత్రాల కంపెనీలో పనిచేసేది. ఆసుపత్రులకూ గోడౌన్లకూ వెళ్లి, కాటా సరిగ్గా తూస్తోందో లేదో చూసి ముద్ర వెయ్యడం పని. ఆ కంపెనీ మూతపడింది. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఒక ఉదయం కిందికి దిగి, "అక్కా, నేనేమన్నా చెయ్యి సాయం చెయ్యనా?" అని అడిగింది.

"వైర్లు రంగుల వారీగా చుట్టిపెట్టు" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు వైర్లు చుట్టింది. స్క్రూలు సైజుల వారీగా డబ్బాల్లో పోసింది. మూడో రోజుకి అటక మీది గుడ్డ తీసింది. దించిన యంత్రం దుమ్ము దులిపి, మెట్లు ఒక్కొక్కటీ నొక్కుతూ మీటరులో అంకెలు చూసి, తనలో తాను నవ్వుకుంది.

"ఏంటి నవ్వుతున్నావ్?"

"ఇది మా కాటాయే అక్కా. కిలోకి ఇంత వోల్టేజీ, రెండు కిలోలకి దానికి రెండింతలు. ఇక్కడ కిలో బదులు స్వరం. అంతే తేడా."

పంతొమ్మిదేళ్లలో ఆవిడకు తట్టని మాట. ఆవిడ "ఊఁ" అని ఊరుకుంది గానీ, చేతిలోని స్క్రూ తప్పు డబ్బాలో వేసింది.

మూడు వారాల్లో ఆ యంత్రం పలికింది. పలకడమంటే మామూలుగా కాదు. స్థాయికో వోల్టు యంత్రాలు పొద్దున ఆన్ చేస్తే వేడెక్కి కుదురుకునేదాకా స్వరం కదులుతూనే ఉంటుంది. ఇది ఆన్ చేసిన కాసేపటికే బండరాయిలా నిలబడింది. పడక్కుర్చీలోని మామగారు తల పక్కకు వంచి చాలాసేపు విన్నారు.

"ఎవరు చేశారు?"

"చిన్నమ్మాయి" అంది పెద్దకోడలు. అబద్ధమాడడానికి వీల్లేదు కాబట్టి అంది.

"చెయ్యి అంటే ఇదమ్మా" అన్నారాయన చిన్నకోడలి వైపు తిరిగి.

పెద్దకోడలు సోల్డరింగు ఐరన్ స్టాండులో పెట్టి, పైకి వెళ్లి, తడి లేని గిన్నెలు మళ్లీ తుడిచింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు. ఇక్కడ కొట్టిన అత్తా లేదు, నవ్విన తోడికోడలూ లేదు. ఆ పిల్ల వినయంగా తల దించుకుంది కూడా. అదే ఇంకా మండించింది. నెత్తికెక్కించుకుని ఉంటే రెండు మాటలు అనడానికైనా ఉండేది.

డ్యూటీ దిగి వచ్చిన భర్తకు చెబితే అతను బూట్లు విప్పుకుంటూ, "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి" అన్నాడు.

"నేను చెవినా?"

"నిన్ను కాదే. సామెత."

"మీ బస్సుకి రేపు ఇంకో డ్రైవరు వచ్చి, పంతొమ్మిదేళ్లుగా మీరు తప్పించుకుపోయే రోడ్డులో నేరుగా పోతే అప్పుడు చెబుదురు గానీ సామెతలు."

అతను నవ్వలేదు. ఆవిడ కళ్లు చూసి, నీళ్లు తాగి, వేరే గదిలోకి పోయాడు.

అప్పటినుంచి ఆవిడకు అన్నీ కనపడడం మొదలైంది. గుమ్మంలో అడుగుపెట్టిన వాళ్లు ఎవరి బల్ల వైపు ముందు చూస్తున్నారు, మామగారు టీ గ్లాసు ఎవరి చేతికి తిరిగి ఇస్తున్నారు, 'మేడమ్' అని ఎవరిని పిలుస్తున్నారు. మీటరులో వెయ్యోవంతు పట్టుకునే కన్ను మనుషుల మీద పడితే ఇంకేముంది. సౌండు ఇంజనీరు ఒకసారి వచ్చి, "కాటా మేడమ్ లేరా?" అన్నాడు. చిన్నకోడలికి కూడా పేరొచ్చేసిందన్నమాట. ఆ రోజు ఆవిడ రెండు ట్రాన్సిస్టర్లు కాల్చేసింది.

ఇలా ఉండగా కీబోర్డు టీచరు వచ్చింది. అరవై దాటిన మనిషి, పాత సింథసైజర్లు వాయించడంలో పేరున్నావిడ. ఆవిడ దగ్గర రెండు యంత్రాలున్నాయి, రెండు పక్షాలవి. ఒకే పలక మీద వాయిస్తే రెండూ కలిసి పలకాలని నలభై ఏళ్ల కోరిక. ఇంకో మూడు వారాలకు ఒక కాలేజీ హాల్లో కచేరీ ఉంది.

"నా చేతులు ఇంకెన్నాళ్లు ఆడతాయో తెలియదమ్మా. ఒక్కసారి రెంటినీ కలిపి వినాలని ఉంది."

పెద్దకోడలు నోరు తెరిచేలోపే చిన్నకోడలు, "మధ్యలో ఒక పెట్టె కడితే సరిపోతుంది. కలిపిన లెక్కని రెట్టించిన లెక్కగా మార్చాలి" అంది.

"చేస్తావా?" అంది టీచరు.

చిన్నకోడలు తోడికోడలి వైపు చూసింది. "అక్క ఒప్పుకుంటే."

"నువ్వే చెయ్యి. నాకు చేతినిండా పనుంది" అంది పెద్దకోడలు. మాట నున్నగానే వచ్చింది.

పెట్టె ఇరవై రోజుల్లో తయారైంది. చెప్పుల డబ్బా అంత సైజు, అల్యూమినియం మూత. మూత తీసి, ఫ్యాను కింద పెట్టి, కీబోర్డు టీచరును కూర్చోబెట్టి వాయింపజేసి చూస్తే రెండు యంత్రాలూ ఒకే గొంతుతో పలికాయి. టీచరు కళ్లు తుడుచుకుంది. మామగారు మళ్లీ ఆ మాటే అన్నారు.

టీచరు వెళ్లాక చిన్నకోడలు పెట్టె తెచ్చి పెద్దకోడలి బల్ల మీద పెట్టింది. "అక్కా, ఎల్లుండి కచేరీ. మీరొకసారి చూస్తే నాకు ధైర్యం."

ఆవిడ లోపలికి చూసింది. సోల్డరు చుక్కలు ముత్యాల్లా ఉన్నాయి. వైర్లు దువ్విన జుట్టులా ఉన్నాయి. తప్పు వెతుకుతున్నానని ఆవిడకు తెలుసు. దొరకకపోతే బాగుండనీ, దొరికితే బాగుండనీ రెండూ అనిపించాయి.

దొరికింది.

ఆ లెక్క మార్చే పని చేసేవి రెండు ట్రాన్సిస్టర్లు. అవి కవలల్లా ఉండాలి. ఒకదానికెంత వేడి తగిలితే రెండోదానికీ అంతే తగలాలి. డిగ్రీ తేడా వచ్చిందా, స్వరం పక్క మెట్టు మీదికి పోతుంది. స్థాయికో వోల్టు యంత్రాలతో బతికిన మనిషికి ఇది పాలు తాగినప్పటి పాఠం. ఆ పక్షపు యంత్రాల రోగమే వేడి. చిన్నకోడలు ఆ రెంటినీ అంగుళం దూరంలో పెట్టింది. ఒకటి కరెంటు సరఫరా చేసే భాగపు వేడి రేకును ఆనుకుని ఉంది. మూత తీసి ఫ్యాను కింద పెడితే ఏమీ కాదు. మూత బిగించి, లైట్ల కింద అరగంట ఉంచితే అయిపోయినట్టే.

ఆవిడ చూపుడువేలు ఒక ట్రాన్సిస్టరు మీద పెట్టింది. తరవాత రెండోదాని మీద పెట్టింది. తరవాత వేలు తీసేసింది.

"బాగుంది" అంది.

"ఏమన్నా మార్చమంటారా?"

"ఏం అక్కర్లేదు. శుభ్రంగా ఉంది."

ఆ రెండు రోజులూ ఆవిడ ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది. చిన్నకోడలికి తల దువ్వింది. కచేరీకి తన చీర కట్టుకోమని బీరువా తీసి ఇచ్చింది. అది ప్రేమేనని తనను తాను నమ్మించుకోబోయింది గానీ, భుజం మీద కొంగు సర్దుతూ ఆ పిల్ల కళ్లలోకి చూడలేకపోయింది.

కచేరీ మధ్యాహ్నం మూడింటికి. హాలు నిండింది. రెండో వరసలో మామగారు, ఆయనకు అటూ ఇటూ ఇద్దరు కోడళ్లు. మొదటి పాట అద్భుతంగా సాగింది. రెండోదాని మధ్యలో పెద్దకోడలి చెవికి తెలిసింది. రెండో యంత్రం నూలుపోగంత పైకి జరిగింది. హాల్లో ఇంకెవరికీ తెలియదు. మామగారి తల మాత్రం పక్కకు వంగింది. ఇంకో రెండు నిమిషాలకు ముందు వరసలోవాళ్లు మొహాలు చూసుకున్నారు. మూడో పాటకు రెండు యంత్రాలూ పోట్లాడుకుంటున్న ఇరుగుపొరుగు ఆడవాళ్లలా అయ్యాయి. టీచరు వాయించడం ఆపి, లేచి, పెట్టె వైరు పీకేసి, మిగతాదంతా ఒక్క యంత్రం మీద వాయించి పూర్తి చేసింది. ఆవిడ మొహంలో కోపం లేదు. నలభై ఏళ్లు కాచుకున్న ఉత్తరం తెరిస్తే లోపల ఖాళీ కాగితం ఉన్నప్పటి మొహం అది.

చిన్నకోడలు ఒళ్లో చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చుంది. సౌండు ఇంజనీరు బయట వరండాలో పెద్దకోడలిని పట్టుకుని, "ఇలాంటి పని మీకు అప్పగించాల్సింది మేడమ్. అనుభవం అనుభవమే" అన్నాడు.

ఆరు నెలలుగా ఆవిడ ఎదురుచూసిన మాట అది. విన్నాక తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

ఇంటికి వచ్చాక మామగారు పడక్కుర్చీలో కూర్చుని, పెద్దకోడలిని పిలిచారు.

"వేడికి జరిగింది కదూ?"

"అవును మామయ్యా."

"ఆ పెట్టె ముందు నీకు చూపించిందా?"

ఆవిడ వంగి కింద రాలిన వైరు ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. ఆయన మళ్లీ అడగలేదు. కిటికీ వైపు తిరిగి, "తలుపు దగ్గరగా వెయ్యమ్మా, చలిగా ఉంది" అన్నారు. బయట ఎండ కాస్తోంది.

మర్నాడు పొద్దున చిన్నకోడలు పెట్టె విప్పుకుని కూర్చుంది. తప్పు ఎక్కడుందో వెతుకుతోంది. పెద్దకోడలు కాసేపు తన బల్ల దగ్గర ఏదో చేస్తున్నట్టు నటించి, ఇక మింగలేక కక్కలేక లేచి వచ్చి, ఎదురుగా స్టూలు లాక్కుంది.

"ఆ రెండు ట్రాన్సిస్టర్లు. దూరంగా ఉన్నాయి. నాకు మొన్ననే తెలుసు."

చిన్నకోడలు తల ఎత్తలేదు. "నాకూ తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"మీకు తెలుసని. వేలు పెట్టారు. దాని మీదా, దీని మీదా. తరవాత తీసేశారు. ఏదో ఉందనుకున్నా. ఉంటే అక్క చెబుతుందిలే అనుకున్నా."

ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. పెద్దకోడలికి ఏడుపు రాలేదు. వస్తే తేలికయ్యేది.

"నాకు కడుపుమంట. ఇంకేం చెప్పను?"

"నా మీదా?"

"నువ్వు మూడు వారాల్లో చేసిన పని నేను పదకొండేళ్లు గుడ్డ కప్పి ఉంచాను. నీ మీదో, నా మీదో నాకే తెలియదు."

చిన్నకోడలు చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టింది. క్షమించానని అనలేదు. ఫరవాలేదనీ అనలేదు. చివరికి పెట్టెను బల్ల మీద నుంచి ఇటు నెట్టి, "సరిచెయ్యండి" అంది.

పెద్దకోడలు ఆ రెంటినీ పీకేసింది. సొరుగులో ఉన్న రెండు వందల ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటే మీటరుకు పెట్టి, అచ్చంగా ఒకే తీరున్న జంటను పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. వాటిని వీపు వీపు ఆనించి, రాగి రేకు చుట్టి, వేడికి తగ్గట్టు తనను తాను సర్దుకునే రెసిస్టరు ఒకటి వాటి నెత్తిన అంటించింది. కరెంటు సరఫరాను పెట్టె రెండో మూలకు మార్చింది. మూత బిగించి, ఎండలో పెట్టి, గంటసేపు మీటరు ముందు కూర్చుంది. అంకె కదల్లేదు.

నెల తిరక్కుండానే కీబోర్డు టీచరు మళ్లీ ఒప్పుకుంది. ఈసారి తన ఇంటి హాల్లోనే, ముప్పైమంది మధ్య. రెండు గంటలు వాయించింది. చివరి స్వరం దాకా రెండు యంత్రాలూ ఒక్క గొంతే. లేచి నిలబడి, చిన్నకోడలిని తన పక్కకు పిలిచి, ఆ పిల్ల చెయ్యి పైకెత్తి, "ఇదీ ఈ అమ్మాయి చేతి పని. పడి లేచింది" అని అందరికీ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

చిన్నకోడలు నమస్కారం పెట్టింది. "అక్క కూడా" అనలేదు. తోడికోడలి వైపు చూడనైనా లేదు.

పెద్దకోడలు గోడకు ఆనుకుని చప్పట్లు కొడుతూనే ఉంది. లోపల రాగి రేకు, రెండు వందల ట్రాన్సిస్టర్లు, ఎండలో గంట, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేసింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. సగం దారి గడిచాక చిన్నకోడలు రోడ్డు వైపే చూస్తూ అంది:

"మీరు ఒకసారి ఊరుకున్నారక్కా. నేనూ ఒకసారి ఊరుకున్నా."

"ఊఁ."

"ఇంక చాలు."

"చాలు" అంది పెద్దకోడలు.

అసూయ పోయిందా అంటే పోలేదు. మనిషికి మోకాలి నొప్పి ఉన్నట్టు ఆవిడకు అదొకటి ఉండిపోయింది. ముసురు పట్టినప్పుడు తెలుస్తుంది, ఎండ కాస్తే మరిచిపోతుంది. మామగారు పోవడానికి ఏడాది ముందే 'చెయ్యి అంటే ఇదమ్మా' అన్న మాట ఇద్దరిలో ఎవరితోనూ అనడం మానేశారు. యంత్రం పలికితే తల ఊపేవారు, అంతే. గదిలో బల్లలు రెండయ్యాయి. స్థాయికో వోల్టువి ఇటు, రెట్టింపువి అటు. పెట్టెలు మాత్రం ఇద్దరూ కలిసి కట్టేవారు. వాటికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చేవారు. లోపల ఏ భాగం ఎవరిదని అడిగితే ఇద్దరూ ఒకేసారి జవాబు చెప్పేవారు, రెండు జవాబులూ కలిసేవి కావు.

చిన్నకోడలు పురిటికి పుట్టింటికి వెళ్లి, ఆడపిల్లను కన్న నెలలో ఒక రెట్టింపు బాపతు యంత్రం వచ్చింది. తెచ్చినవాళ్లకు తొందరగా ఉంది. పెద్దకోడలు నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టింది. పై స్వరాలన్నీ చక్కగా ఉన్నాయి, కిందికి దిగేకొద్దీ అపశ్రుతి. అయిదో రోజు ఉదయం భర్త డ్యూటీకి వెళ్లేదాకా ఆగి ఫోను చేసింది. ముందు పిల్ల పాలు తాగుతోందా, నిద్రపోతోందా అని అడిగింది. తరవాత గొంతు సర్దుకుంది.

"ఈ కింది స్వరాలు జారిపోతున్నాయి. ఎక్కడ చూడాలి?"

అవతల పిల్లను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్న చప్పుడు వినపడింది.

"సరిగా వినపడలేదక్కా. ఇంకోసారి అడగండి."

శుభ్రంగా వినపడిందని పెద్దకోడలికి తెలుసు. ఆ గొంతులో నవ్వు కూడా తెలుస్తోంది. స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి, మళ్లీ అడిగింది.

"సున్నా చూడండి" అంది చిన్నకోడలు. "కాటా మీద ఏమీ పెట్టకుండానే ముల్లు కదిలి ఉంటే పెద్ద బరువుల్లో తెలియదు, చిన్న బరువులన్నీ తప్పు చూపిస్తుంది. ముందు సున్నా సరిచెయ్యండి. నేను లైన్లోనే ఉంటా."